అమ్మ రాలేదు

పోయిన వారం సుజనను నగరి బస్సులో, వాళ్ళమ్మ నాగులమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోతుండగా వదిలిపెట్టాం. బస్సెక్కితే ఎవరికైనా కునుకు పడుతుంది, అందులో వింతేముంది అనుకునే కొత్త పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. సుజన నిద్ర మామూలు నిద్ర కాదు. పట్టపగలు అన్నం కలుపుతూ కలుపుతూ నిద్రలోకి జారిపోతుంది, చెయ్యి మాత్రం కలుపుతూనే ఉంటుంది. పుత్తూరులో ఒక జెరాక్సు అంగడిలో టైపింగు చేసే రోజుల్లో, ఎవరిదో ఇంటి బాడుగ అగ్రిమెంటు మధ్యలో 'ఆవును నీడలో కట్టేయండి' అని కొట్టిపెట్టింది. ఆ ఇంట్లో ఆవు లేదు. అది ఆమె కలలోని ఆవు. ఆ పని ఆ రోజుతో పోయింది. పగలంతా ఇలా తూగే పిల్ల రాత్రయినా హాయిగా పడుకుంటుందా అంటే అదీ లేదు. పడుకున్న కాసేపటికే మెలకువ. మెలకువ వచ్చినా చెయ్యి కదలదు, కాలు కదలదు, గుమ్మంలో ఎవరో నిలబడి తననే చూస్తున్నట్టు ఉంటుంది, అరుద్దామంటే గొంతు పెగలదు. అన్నిటికన్నా పెద్ద తంటా నవ్వుతో. పకపకా నవ్వు వచ్చిందంటే మెడ వాలిపోతుంది, మోకాళ్ళు వదిలేస్తాయి, ఉన్నచోటే కూలబడుతుంది. స్పృహ మాత్రం పోదు. తిరుపతిలో డాక్టరమ్మ తలకు వైర్లు తగిలించి పరీక్ష చేసి, దీన్ని నార్కోలెప్సీ అంటారని చెప్పింది. "నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే తలుపు నీకు సరిగ్గా పడదమ్మా. ఇది పిచ్చి కాదు, సోమరితనం అంతకన్నా కాదు" అంది.

ఆ మాట విని ఊరికి తిరిగి వచ్చి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. వేసవిలో గంగజాతరకు తిరుపతికి పోవడంతో వచ్చింది చిక్కంతా. మగవాళ్ళు ఆడవేషాలు కట్టే జాతర అది. గుబురు మీసం, పూల రవిక, తలలో కనకాంబరాలు, మోకాళ్ళదాకా ఎగ్గట్టిన చీర, ఆ అవతారంలో బుల్లెట్టు బండి ఎక్కబోయి కుచ్చిళ్ళు జారవిడుచుకున్న ఒకడిని చూసి సుజన నవ్వింది. నవ్వి కూలింది. చుట్టూ ఉన్నవాళ్ళు గంగమ్మ పూనిందన్నారు. పసుపునీళ్ళు చల్లారు, చేతిలో వేపమండ పెట్టారు. నగరి నుంచి వచ్చిన భారతమ్మ అనే ఆమె ముందుకొచ్చి దండం పెట్టి, "తల్లీ, నా కొడుక్కి పిల్ల యాడుండాది?" అని అడిగింది. సుజనకు నోరెండిపోయి, మొద్దుబారిన నాలుకతో "నీళ్ళు" అనబోయింది. భారతమ్మకు అది "నీ యిల్లు" అని వినబడింది. తన ఇంటికి రావాల్సిన పిల్ల ఈమేనని ఆ గంగమ్మే చెప్పిందనుకుని, పండూ పూలూ పట్టుకుని పుత్తూరుకు వచ్చేసింది. సంబంధం కుదిరింది. నాగులమ్మ జబ్బు సంగతి దాచింది, మాత్రలు నెలనొప్పికని చెప్పింది, కూతురికి ఒకే ఒక ఆంక్ష పెట్టింది. తాళి పడేదాకా నవ్వకూడదు.

ఇప్పుడు ఆడి మాసం, అరవ లెక్కన ఆషాఢం. ముహూర్తాలు లేవు కాబట్టి పెళ్ళి వచ్చే నెల ఆవణిలో పెట్టుకున్నారు. ఆడి శుక్రవారం ఇంట్లో అమ్మవారికి అంబలి పోస్తున్నాం, పిల్లను తోడుకుని రమ్మని భారతమ్మ కబురు చేసింది. అంబలి తాగి రావడమే కదా అని తల్లీకూతుళ్ళు బస్సెక్కారు.

భారతమ్మ గడపలోనే ఎదురొచ్చి సుజన రెండు చేతులూ పట్టుకుంది. నిండైన మనిషి, పసుపు రాసిన ముఖం. మరమగ్గాల పక్కన బతికినవాళ్ళ గొంతు ఆమెది, గుసగుస చెప్పినా వీధి చివరిదాకా పోతుంది.

"రా పాపా. నీకోసమే కాసుకోని ఉండాను. రేయి నిద్దర పోయినావా? కండ్లు ఎర్రగా ఉండాయే."

"పోయినానత్తా" అంది సుజన. రాత్రంతా లేచి కూర్చోవడం, పడుకోవడం, మళ్ళీ లేచి గుమ్మంలో ఎవరూ లేరని చూసుకోవడం సరిపోయింది ఆమెకు.

"అమ్మ మనుషులకు కండ్లు అట్లనే ఉంటాయిలే" అని భారతమ్మే సర్దుకుంది. ఈ ఇంట్లో సుజన ఏం చేసినా దానికి గంగమ్మ పేరే. మాట్లాడకపోతే అణకువ, నవ్వకపోతే గంభీరం, ఆవులిస్తే భక్తి. పిల్ల పాపం ఆవులింతను కూడా తనదని చెప్పుకోలేకపోయింది.

నడింట్లో వేపాకు చుట్టిన అంబలి కుండలు బారుగా పెట్టి ఉన్నాయి. వీధిలోని ఆడవాళ్ళు గోడ పొడవునా కూర్చుని ఉన్నారు. కలశం ముందు ముగ్గేసి ఒక పీట వేశారు. పీట మీద ఎవరూ లేరు.

"ఆ పీట ఎవరికత్తా?"

"నీకే" అంది భారతమ్మ. అని, ఆమెను పక్కకు తీసుకుపోయి తనకు చేతనైనంత మెల్లగా చెప్పింది. "మీ మామకు గుండెలో వాల్వు శానా దెబ్బతినిందంట పాపా. బిన్నా, ఆలస్యం లేకుండా ఆపరేషను చెయ్యాలంటా ఉండారు తిరుపతిలో. ఈయన రానంటాడు. కొడుకు కాళ్ళు పట్టుకున్నా రానంటాడు. మొన్న విసుక్కోని, అమ్మ నోటితో చెయ్యమంటే చేయించుకుంటా, వద్దంటే ఇంకెవురూ నన్ను అడగగూడదు అన్నాడు. నాకూ అదే బాగనిపించినాది. పూజ కాగానే అమ్మను అడుగుదాం. నువ్వు గమ్మున పీట మీద కూర్చో, సాలు. వచ్చేది ఆయమ్మ వస్తాది."

సుజన తల్లి వైపు చూసింది. నాగులమ్మ ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు అంబలి కుండలోకి చూస్తోంది. భారతమ్మ అటు తిరగగానే దగ్గరికొచ్చి చెవిలో ఊదింది. "భయపడాకు. ఏమీ రాకుంటే అమ్మకు ఈ పొద్దు ఇష్టం లేదనుకుంటారు. నువ్వు నవ్వకుండా ఉంటే సాలు."

"మనిషి పేణం మా అది."

"నీ బతుకు కూడా పేణమే" అంది నాగులమ్మ. ఆ మాటలో కోపం లేదు, భయం మాత్రమే ఉంది. సుజన కాళ్ళు కడుక్కుని వస్తానని చెప్పి పెరటి దారి పట్టింది.

పెరటి వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు ఆడుతున్నాయి. నూలు మోసే నాడెలు అటూ ఇటూ కొట్టుకునే చప్పుడుకు అక్కడ పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు, చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. పెళ్ళికొడుకు ధనశేఖర్ చివరి మగ్గం ఆపి తెగిన పోగులు ముడివేస్తున్నాడు. ఫోనులో అతని మాటలకు నవ్వు పట్టలేక సుజన ఎన్నిసార్లు నేల మీద కూర్చుండిపోయిందో అతనికి తెలియదు. అతను ఫోను చేస్తే చాలు, ముందు జాగ్రత్తగా కూర్చునే ఎత్తేది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊఁ ఊఁ అనేది. ఈ పిల్లకు హాస్యం పట్టదని అతను అనుకుని ఉంటాడని ఆమె బెంగ.

"ఏమి, మహాలక్ష్మి మగ్గాల కాడికి వచ్చేసినాది" అన్నాడు ధనశేఖర్.

"నన్ను ఆ పీట మీద కూర్చోబెట్టొద్దని మీ అమ్మకు చెప్పు."

"ఏం, బాగలేదా?"

"బాగలేదు. భయంగా కూడా ఉండాది."

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ముఖంలో వేళాకోళం పోయింది. మిగతా మగ్గాల వైపు ఒకసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"సుజనా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. జాతరలో నీకు అమ్మ రాలేదు కదా."

ఆ మాట ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారని సుజన రాత్రిళ్ళు కూర్చుని కూర్చుని ఎదురుచూసింది. కానీ ఇతను అడుగుతాడని అనుకోలేదు.

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పాల్నా? నేనే సూసినా. చీర కట్టుకోని బుల్లెట్టు ఎక్కబోయి కుచ్చిళ్ళు జార్చుకున్న ఎర్రిమొగం ఎవురనుకుంటా ఉండావు? నేనే. మొక్కుండింది. ఆ చీర మా అక్కది, దానికి ఇంకా దెప్పుతా ఉండాది. అంతమందిలో నన్ను సూసి ముందుగా నవ్వింది నువ్వు. నోరారా నవ్వినావు. ఆ నవ్వుతోనే పడినావు. అమ్మ వచ్చినోళ్ళను శానామందిని సూసినా. ఊగుతారు, కేకేస్తారు. నీ మాదిరి నవ్విన మనిషిని సూడలేదు."

కనకాంబరాలూ మీసమూ జారిన కుచ్చిళ్ళూ అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. సుజన పక్కనున్న ఇనప స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని చెంప లోపలి కండ కొరుక్కుంది. మోకాళ్ళు ఒకసారి మెత్తబడి మళ్ళీ నిలబడ్డాయి.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు మరి?" అంది ఊపిరి తీసుకుని.

"చెప్తే మా అమ్మ సంబంధం వద్దంటాది. నువ్వు నాకు నచ్చినావు." ఇంత తేలిగ్గా చెప్పేశాడు. సుజనకు అప్పుడు ఏడవాలనిపించింది, సంతోషానికే. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. "ఈ పొద్దు నాకొక సాయం చెయ్యి. నాయన అడుగుతాడు. నువ్వు కండ్లు మూసుకోని ఒక్క మాట అను. చెయ్యి, అను. అంతే. ఆయన నా మాట వినడు, డాక్టర్ల మాట వినడు. ఈ మాట వింటానన్నాడు."

"అమ్మ పేరు చెప్పి అబద్ధం ఆడమంటావా?"

"నాయన బతికే అబద్ధం."

సుజనకు కోపం వచ్చింది. తల్లి నవ్వొద్దంటుంది, ఇతను నాటకమాడమంటాడు, ఈ ఒళ్ళు తనదే అయినా దీన్ని వాడుకునేది మాత్రం అందరూ. కోపానికి మెడ వెనక నరం వదులైంది. గడ్డం ఎదమీదికి వాలబోతుంటే చేత్తో పట్టి నిలబెట్టుకుంది. ధనశేఖర్ అది చూశాడు.

"ఏమైంది?"

"ఇదే" అంది. మగ్గాల చప్పుడులో అరిచి చెప్పాల్సి వచ్చింది, అరవడం మొదలుపెట్టాక ఆగలేదు. "జాతరలో అయ్యింది కూడా ఇదే. నవ్వొచ్చినా కోపమొచ్చినా నాకు కీళ్ళు వదిలేస్తాయి. మేలుకొనే ఉంటా, అన్నీ వినిపిస్తాయి, వేలు గూడా ఎత్తలేను. పగలు ఉన్నట్టుండి నిద్దర పట్టేస్తాది. రాత్రి పట్టదు. నెలనొప్పి మాత్రలు కావు అవి. మందులతో తగ్గుతాది గానీ పోదంట. పొయ్యి కాడ నిద్దర పట్టేస్తే ఎట్ల అని నాకు భయం. బిడ్డనెత్తుకోని ఉండంగా నవ్వొస్తే ఎట్ల అని భయం. తాళి పడినాక చెప్దామనింది మా అమ్మ. నేను ముందే చెప్తా ఉండా. వద్దంటే ఇప్పుడే అను."

ధనశేఖర్ తెగిన పోగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"వద్దని ఎవురన్నారు" అన్నాడు చివరకు. అన్నాడు గానీ ఆమె ముఖంలోకి చూడలేదు. "మన సంగతి తర్వాత మాట్లాడుకుందాం సుజనా. నాయనకు తర్వాత లేదు."

ఇందాక ఇంట్లోకి వస్తూ సుజన కాబోయే మామ సుబ్రమణ్యాన్ని చూసింది. అరుగెక్కడానికి మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఎగపోసుకుంటూనే, "మెట్లు పెరుగుతా ఉండాయి పాపా, మేస్త్రీని అడగాల" అని కన్నుగీటిన మనిషి. అటువంటి మనిషి ఒక్క మాటతో బతుకుతాడంటే, ఆ మాట అనకుండా కూర్చునే హక్కు తనకుందా? అబద్ధం అబద్ధమే. కానీ డాక్టర్లు చెప్పేదీ అదే కదా. నిజాన్నే కాస్త దొంగవేషం కట్టించి చెబుతున్నాననుకుంటే సరి. అలా మనసును బుజ్జగించుకుంటూ ఆమె నడింట్లోకి తిరిగి వచ్చింది. వచ్చి పీట మీద కూర్చుంది.

మగ్గాలు ఆపేశారు. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దానికి సుజన రెప్పలు బరువెక్కాయి, సాంబ్రాణి పొగ దానికి తోడయింది. నిద్ర ఆమెను చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అని అరచేతిలో గోళ్ళు గుచ్చుకుంది. ఒక్క మాట, అది అనేసి ఎంతసేపైనా పడుకోవచ్చు. నాగులమ్మ ఆమె వీపుకు ఆనుకునేంత దగ్గరగా కూర్చుంది. ధనశేఖర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

భారతమ్మ మొగుణ్ణి తెచ్చి పీటకు ఎదురుగా కూర్చోబెట్టింది. చొక్కా లేకుండా, పైపంచెతో, ముఖాన పెద్ద కుంకుమ బొట్టుతో సుబ్రమణ్యం చిన్నపిల్లవాడిలా ఉన్నాడు. పెదవులు కాస్త నీలంగా ఉన్నాయి. భారతమ్మ కర్పూరం వెలిగించే హడావుడిలో ఉండగా అతను ముందుకు వంగాడు.

"పాపా, బిన్నా అడిగించుకో తల్లీ" అన్నాడు మెల్లగా. "మీ అత్త పొద్దున్నించి కాపీ గూడా పొయ్యలేదు. గుండెదాకా పోవాల్సిన పనే లేదు, ఆకలే తీసకపోయేట్టుండాది నన్ను."

సుజన నవ్వకుండా ఉండాల్సింది. చెంప కొరుక్కోవాల్సింది. కానీ చావు ముందు కూర్చుని కాఫీ గురించి బాధపడే ఆ ముఖం చూసేసరికి నవ్వు అనుమతి అడక్కుండా వచ్చేసింది.

ముందు దవడ వదిలేసింది. తర్వాత మెడ. రెప్పలు సగం మూతపడ్డాయి. చేతులు ఒళ్ళోంచి జారి నేలను తాకాయి.

"వచ్చినాది, అమ్మ వచ్చినాది" అన్నారు ఆడవాళ్ళు. "ఓం శక్తి" అని ఒకామె అందుకుంటే తక్కినవాళ్ళు గొంతు కలిపారు.

"తల్లీ" అంటూ భారతమ్మ హారతి చూపింది. "నా మొగునికి గుండె ఆపరేషను చేయించేదా, వద్దా? చెప్పు తల్లీ."

చెయ్యి. ఆ మాట సుజన లోపల తయారుగా ఉంది. దాన్ని నాలుక మీదికి తోస్తోంది, నాలుక నోట్లో తడిగుడ్డలా పడి ఉంది. తల ముందుకు వాలుతోంది, ఇంకాస్త వాలితే అవునన్నట్టే కదా, వాలనీ అనుకుంది. అప్పుడే నాగులమ్మకు కూతురు ముందుకు పడి ముఖం పగలగొట్టుకుంటుందని భయం వేసింది. వెనకనుంచి రెండు భుజాలూ పట్టి పైకి లేపింది. పట్టులేని తల ఎడమకు దొర్లింది. నాగులమ్మ సర్దబోయింది. తల కుడికి దొర్లింది.

"అడ్డంగా ఊపుతా ఉండాది, సూడండి" అంది గోడ దగ్గర ఒక ముసలామె. "వద్దంటా ఉండాది."

"వద్దనింది" అంది ఇంకొకామె.

కాదు, కాదు, చెయ్యమంటున్నాను అని సుజన లోపలే గొంతు చించుకుంది. అన్నీ వినబడుతున్నాయి. భారతమ్మ ఏడుపు వినబడుతోంది. గుమ్మం దగ్గర ధనశేఖర్ "అట్ల కాదు మా, ఆగు" అనడం, ఎవరో "అమ్మ ముందర నోరెత్తాకు" అని అతన్ని అదిలించడం వినబడుతోంది. తన ఒళ్ళు ఒక మనిషిని చంపే మాట చెప్పింది, తను మేలుకునే ఉండి ఆపలేకపోయింది. ఇంత కాలంలో ఈ జబ్బు మీద ఆమెకు ఇంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

చివరకు వేళ్ళలోకి ప్రాణం వచ్చింది. మెడ నిలబడింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సుబ్రమణ్యం ఇంకా అక్కడే ఉన్నాడు. దండం పెడుతున్నట్టు చేతులు జోడించి, శక్తి కేకల చాటున ఆమెకు మాత్రమే వినబడేట్టు మాట్లాడుతున్నాడు.

"నువ్వు నవ్వినావు పాపా. నేను సూసినా. అమ్మ రాలేదని నాకు తెలుసు." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇప్పుడు అందులో వేళాకోళం లేదు. "ఎద కోసి తెరుస్తారంట తల్లీ. నాకు భయం. ఎవురికీ చెప్పలేదు, నీకు చెప్తా ఉండా. నాకు కావాల్సిన మాట వచ్చేసినాది. దాన్ని తిప్పాకు. నీకు దండం పెడతా."

కొడుకు బతికించే అబద్ధం అడిగాడు. తండ్రి చచ్చిపోయే అబద్ధం అడుగుతున్నాడు. సుజనకు ఆ మనిషి మీద ఎంత జాలి కలిగిందంటే, ఒక్క క్షణం నోరు మూసుకుని ఉండిపోదామనే అనిపించింది. అతని భయం ఆమెకు తెలుసు. రాత్రిళ్ళు కదల్లేక పడుకుని, గుమ్మంలో లేని మనిషిని చూసే వాళ్ళకు ఆ భయం తెలియకపోవడమేమిటి?

కర్పూరం పళ్ళెంతో భారతమ్మ ముందుకు వచ్చింది. ముఖమంతా కన్నీళ్ళు. "తల్లీ, ఇంకొక్కసారి చెప్పు. వద్దనేనా?"

"అత్తా" అంది సుజన. గొంతు బొంగురుగా వచ్చినా, మాట స్పష్టంగా వచ్చింది. "అమ్మ రాలేదు. మామ ఏదో అంటే నాకు నవ్వొచ్చింది. నవ్వితే నేను ఇట్ల పడిపోతా. ఇది జబ్బు. తల ఆడించింది నేను గాదు, మా అమ్మ పట్టుకుంటే ఊగింది. జాతరలో గూడా ఇంతే. అప్పుడు నేనడిగింది నీళ్ళు."

శక్తి కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాగులమ్మ చేతులు కూతురి భుజాల మీదనుంచి జారాయి. సుబ్రమణ్యం జోడించిన చేతులు విప్పకుండా అలాగే తల వంచుకున్నాడు. గుమ్మం దగ్గర ధనశేఖర్ కదిలాడు గానీ ముందుకు రాలేదు.

భారతమ్మ సుజనను చూసింది. నాగులమ్మను చూసింది, నాగులమ్మ కళ్ళు దించుకుంది. తర్వాత మొగుణ్ణి చూసింది. అందరికన్నా అతన్నే ఎక్కువసేపు చూసింది. ఆమె ఏం అనుకుంటోందో ఆ ముఖంలో ఎవరికీ అందలేదు. కర్పూరం పళ్ళెం నేల మీద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది.

"శేఖరా, కారు తియ్" అంది.

"యాడికి మా?"

భారతమ్మ ఒక చేత్తో మొగుడి రెక్క పట్టుకుని లేపింది. రెండో చెయ్యి సుజన వైపు చాపి, ఆమెనూ లేపింది. ఇద్దరినీ వాకిట్లోకి నడిపించుకుపోయింది. పిల్లను ఇంటికి దించిరావడానికో, మొగుణ్ణి ఆస్పత్రిలో చేర్చడానికో సుజనకు అర్థం కాలేదు. నగరి నుంచి ఆస్పత్రి ఉన్న తిరుపతికి పోయేదీ సుజన వాళ్ళ పుత్తూరు మీదుగానే.